చదువుకొను బిడ్డకు నెల పైకము



తొలకరి వచ్చునప్పటికి మన యిండ్లలో రెండు పెట్టుబడులు ఒక్కమారే వచ్చిపడును. ఒకటి పొలమునకు, రెండవది బిడ్డల చదువునకు. విశ్వవిద్యాలయములో సీటు దొరకినదని మిఠాయి పంచిన మరునాడే, బిడ్డ పట్టణములో ఎక్కడ నుండవలెను, ఏమి తినవలెను, నెలకెంత పంపవలెను అను ప్రశ్న బయలుదేరును. రుసుము ఎంతయో కళాశాలవారే కాగితముపై వ్రాసి యిత్తురు. దానిని గూర్చి పెద్దలందరును ఆలోచింతురు. గాని తిండికి, గదికి, రాకపోకలకు అగు వ్యయమును గూర్చి ముందుగా కూర్చుండి లెక్క వేసికొను కుటుంబములు తక్కువ. "ఎట్లో జరుగును లెమ్ము" అని బిడ్డను బస్సెక్కింతుము. ఆ "ఎట్లో" అనునది తుదకు తల్లి మెడలోని గొలుసుమీదికో, బిడ్డ కడుపుమీదికో వచ్చుచున్నది.

ఈ నెల మాకందిన జాబులలో కృష్ణాతీరపు పల్లెనుండి ఒక సోదరి వ్రాసినది మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. ఆమె కుమారుడు ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. అతనికి నెలకు 10,000 రూపాయలు పంపుచున్నారు. ఇప్పుడు కుమార్తెకు హైదరాబాదులో ఎం.ఎస్సీ. సీటు వచ్చినది. "అబ్బాయికి పంపుటయే భారముగా నున్నది. అమ్మాయి ఇంటిపట్టున నుండి దూరవిద్యలో చదువుకొనరాదా?" అని ఇంటిలోనివారనుచున్నారట. "నా నానుతాడు తాకట్టు పెట్టి బిడ్డను పంపుదునా, మానుదునా?" అని ఆ తల్లి యడిగినది. ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు గనుక, ఈ మాసము దీనినే విచారింతము.

మొదట లెక్క, తరువాత తాకట్టు. విద్యార్థి వ్యయము మూడు తెరగులుగా నుండును. మొదటిది చేరునప్పుడు ఒక్కసారి యగునది: హాస్టలుకు కట్టు ధరావతు, పరుపు, దుప్పటి, బకెట్టు, తాళము, పళ్ళెము, గ్లాసు, వెంట వెళ్ళు పెద్దవారి ప్రయాణపు ఖర్చు. రెండవది నెలనెలకు అగునది: మెస్సు బిల్లు, గది అద్దె, రాకపోకలు, ఫోను, సబ్బులు, నూనె మొదలగునవి. మూడవది అప్పుడప్పుడు తలయెత్తునది: పరీక్ష రుసుము, రికార్డు పుస్తకములు, జెరాక్సు ప్రతులు, జ్వరము వచ్చినచో మందులు, పండుగలకు ఇంటికి వచ్చిపోవుట. మనము రెండవదానిని మాత్రమే తలచి "నెలకింత" అనుకొందుము. మిగిలిన రెండును ఊహింపని ఋణములై వచ్చును.

ఉదాహరణకు నెల వ్యయము 7,000 రూపాయలనియు, కళాశాల జరుగునది 10 నెలలనియు అనుకొందము. అది 70,000 అగును. చేరునప్పటి ఖర్చు 9,000, అప్పుడప్పుడు వచ్చునవి అన్నియు కలసి 11,000 అనుకొన్నచో మొత్తము 90,000. దీనిని 12 నెలలకు పంచినచో నెలకు 7,500 పడును. అనగా సెలవు నెలలలో బిడ్డ ఇంటనున్నను, ఆ 7,500 తీసి వేరుగా ఉంచవలెను. అట్లు చేసిన కుటుంబమునకు పరీక్షల నెలలో అప్పు వెదకు పని యుండదు. ఈ అంకెలు మాదిరికి మాత్రమే. మీ బిడ్డ చేరు చోట ఇప్పటికే చదువుచున్న విద్యార్థిని యొకతెను అడిగినచో నిజమైన అంకెలు పది నిమిషములలో తెలియును.

విశ్వవిద్యాలయపు వసతి గృహములలో మెస్సు బిల్లు ఎట్లు వచ్చునో తల్లులు తెలిసికొనుట మంచిది. పెక్కుచోట్ల నెలకైన బియ్యము, కూరలు, గ్యాసు, వంటవారి జీతము మొదలగు వ్యయమంతయు కూడి, తిన్నవారికి పంచుదురు. అందుచేత ఒక నెల బిల్లు వేరొక నెల బిల్లుతో సరిపోదు. కూరగాయల ధర పెరిగినను, సెలవులకు కొందరు వెళ్ళిపోయినను హెచ్చుతగ్గులు కలుగును. బిల్లు పెరిగినదని బిడ్డ వ్రాసినంతనే దుబారా యని తలపకుడు. కొన్ని చోట్ల, ముందుగా తెలిపి ఇంటికి వచ్చినచో ఆ దినముల భోజనపు ఖర్చు తగ్గింతురు. ఆ నియమమున్నదేమో బిడ్డచేత అడిగింపుడు. సీటు వచ్చిన వెంటనే వసతి గృహమునకు వేరుగా దరఖాస్తు పెట్టవలెనేమో కూడ విచారింపుడు. గది చేతికి వచ్చులోపల కొన్ని వారములు ప్రయివేటు హాస్టలులో గడపవలసి రావచ్చును. ఆ వ్యయమును మొదటి తెరగులోనే చేర్చుకొనుడు.

ఇక సొమ్ము ఎక్కడనుండి తేవలెను? విద్యార్థి వేతనములు కలవు. వీనిలో సామాన్యముగా రెండు భాగములుండును. ఒకటి రుసుము క్రింద పోవునది, రెండవది విద్యార్థి పోషణకు ఇచ్చునది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో ఆరంభించిన జగనన్న వసతి దీవెన పథకమున, డిగ్రీ, ఆపై చదువుల విద్యార్థులకు సంవత్సరమునకు 20,000 రూపాయలు రెండు వాయిదాలలో తల్లి ఖాతాలో వేయునట్లు నియమము చేసిరి. బిడ్డ తిండి ఖర్చు తల్లి చేతికిచ్చుట ఉచితమని అప్పటివారు గుర్తించినందుకు సంతోషింపవలసినదే. గాని ప్రభుత్వములు మారిన కొలది పథకముల పేర్లును, వాయిదాలును మారును. కావున విద్యార్థి వేతనమునకు వేళకు దరఖాస్తు పెట్టవలెను, ఆదాయ ధ్రువపత్రము ముందే తెచ్చుకొనవలెను, గాని ఆ సొమ్మును నెల పైకముగా లెక్కింపరాదు. అది ఆలస్యమైనను మెస్సు బిల్లు ఆగదు. వచ్చినప్పుడు అప్పు తీర్చుటకో, మరుసటి సంవత్సరమునకో ఉంచుకొనవలెను.

రెండవది విద్యాఋణము. ఇది రుసుమునకు మాత్రమే యని పెక్కుమంది తలంతురు. నిజమునకు హాస్టలు, భోజనము, పుస్తకములు మున్నగు వ్యయములను కూడ బ్యాంకువారు ఋణములో చేర్చుదురు. దరఖాస్తు పెట్టునప్పుడే ఆ మొత్తమును వ్రాయవలెను. సామాన్యముగా చదువు ముగిసిన పిమ్మట కొంత వ్యవధి యిచ్చి, అటుపిమ్మట వాయిదాలు మొదలుపెట్టుదురు. వడ్డీ మాత్రము మొదటినుండియు లెక్కకు వచ్చును. వీలున్నచో చదువు కాలములోనే ఆ వడ్డీని కొద్దికొద్దిగా కట్టుచు వచ్చుట మేలు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకమున, జాబితాలోనున్న పేరుపొందిన విద్యాసంస్థలలో ప్రతిభచే సీటు పొందినవారికి తాకట్టును, హామీదారును లేకుండ ఋణమిచ్చుటకు ఏర్పాటు చేసిరి. కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలకు మించనివారికి, 10 లక్షల వరకు గల ఋణముపై నూటికి 3 వంతుల వడ్డీ రాయితీని కూడ, కొన్ని షరతులకు లోబడి, ఏర్పరచిరి. మీ బిడ్డ చేరిన సంస్థ ఆ జాబితాలో నున్నదేమో బ్యాంకులో అడుగుడు.

మూడవది మన యూళ్ళలోని చేబదుళ్ళు. "నూటికి రెండు రూపాయలు" అన్నప్పుడు చెవికి చిన్నదిగా వినబడును. అది నెలకు రెండు గనుక, సంవత్సరమునకు 24. లక్ష రూపాయలు తెచ్చినచో నెలకు 2,000, మూడు సంవత్సరములకు 72,000 వడ్డీయే యగును. అసలు అట్లే యుండును. బిడ్డ తిండి కొరకు ఇట్టి అప్పు చేయుట, బిడ్డతోబాటు షావుకారును కూడ పోషించుటయే. చీటీ కట్టువారు రిజిష్టరయిన చీటీలనే చేరుడు. కళాశాలలు తెరచు నెలకు చీటీ పాట యెత్తుకొనునట్లు ముందే యోచించుడు. తొందరలో ఎక్కువ తగ్గించి పాడినచో, పోగొట్టుకొన్న ఆ సొమ్ము వడ్డీయేనని మరువకుడు.

బంగారము మాట. దానిని తాకట్టు పెట్టుట తప్పు కాదు. గాని దానికి వడ్డీ తొలిదినమునుండియే నడచును, గడువులోపల విడిపింపనిచో వేలమునకు పోవును. చదువు పూర్తియై సంపాదన మొదలగువరకు ఆగు ఓర్పు దానికి లేదు. కావున రెండు మూడు నెలల అక్కరకు, చేతికి సొమ్ము వచ్చు దినము తెలిసియున్నప్పుడు మాత్రమే, ఒక్క నగపై, బ్యాంకులో తెచ్చుకొనుట క్షేమము. రెండేండ్ల భోజన వ్యయమును నానుతాడుమీద నడుపుట సాగునది కాదు.

ఇంట ఇంకను పసిబాలిక లున్నవారికి ఒక మాట. 2015 జనవరిలో ఆరంభమైన సుకన్య సమృద్ధి ఖాతాను, పది సంవత్సరములు నిండని ఆడపిల్ల పేర పోష్టాఫీసులో గాని బ్యాంకులో గాని తెరువవచ్చును. సంవత్సరమునకు కనీసము 250 రూపాయలు కట్టినను చాలును. బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిమ్మట గాని, పదవ తరగతి ముగిసిన పిమ్మట గాని, పై చదువు నిమిత్తము నిలువలో సగము వరకు తీసికొన వీలున్నది. పెండ్లికని బంగారము కూర్చు తల్లి చదువుకని కొంత ఇట్లు కూర్చినచో, పదేండ్ల తరువాత ఎవ్వరినో అడుగవలసిన పని తగ్గును.

ఇప్పుడు ఆ సోదరి జాబులోని అసలు సంగతికి వత్తము. అందు ఆమె వ్రాయని మాట యొకటి యున్నది. కుమారునికి 10,000 ఏల కావలసివచ్చుచున్నదో ఆ యింట నెవ్వరును అడిగినట్లు లేదు. కుమార్తె విషయమున మాత్రము, సీటు వచ్చిన దినముననే భారము లెక్కకు వచ్చినది. మగబిడ్డకు ఇంటి కష్టము చెప్పక పెంచుట, ఆడుబిడ్డకు త్యాగము ముందుగా నేర్పుట మన యిండ్లలో పాత యలవాటు. పూర్వము బీద విద్యార్థులు వారములు చేసికొని చదివెడివారు. ఆదివారమొక యింట, సోమవారమొక యింట అన్నము. పేరుమోసిన పండితులును, వకీళ్ళును ఎందరో అట్లు పైకి వచ్చినవారే. తరువాత దాతల పూనికచే వసతి గృహములు వెలసినవి. జిల్లాలనుండి వచ్చు విద్యార్థుల కొరకు రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి ప్రయత్నముచే 1918లో హైదరాబాదులో నెలకొన్న రెడ్డి హాస్టలు అట్టిది. ఊరి యన్నము మగపిల్లవానికి దొరకినంత సులభముగా ఆడపిల్లకు దొరకలేదు. ఆమె కొరకు దుర్గాబాయమ్మగారివంటి స్త్రీలే పూనుకొనవలసివచ్చినది. ఆమె 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ అందులకు నిదర్శనము. వారములు పోయినవి, కాలము మారినది. గాని "అమ్మాయికి అంత ఖర్చెందుకు?" అను మాట మాత్రము పోలేదు.

ఇది కేవలము దయాదాక్షిణ్యముల సంగతి కాదు. ఒక కుటుంబ వివాదములో 2025 జనవరిలో సుప్రీంకోర్టు, తలిదండ్రులనుండి విద్యావ్యయమును పొందుటకు కుమార్తెకు చట్టబద్ధమైన హక్కు కలదని పలికినది. బిడ్డలు కోర్టుకు పోవలెనని మేము చెప్పుట లేదు. కుమార్తెను చదివించుట కుమారుని చదువు మిగిల్చిన సొమ్ముతో చేయు ధర్మకార్యము కాదని మాత్రము గ్రహింపవలెను.

కావున ఆ సోదరికి మా సలహా యిది. నానుతాడు మెడలోనే యుండనిండు. కుమారుని పిలిచి ఇంటి రాబడిని, అప్పులను, చెల్లెలి వ్యయమును కాగితముపై చూపుడు. అతని 10,000లో ఎంత తగ్గించుకొనగలడో అతనినే చెప్పనిండు. పైనుండి తగ్గించినచో అలుగును, లెక్క చూపి అడిగినచో యోచించును. కుమార్తెకు విశ్వవిద్యాలయపు వసతి గృహమునకును, విద్యార్థి వేతనమునకును, విద్యాఋణమునకును ఈ వారమే దరఖాస్తులు పెట్టింపుడు. ఎం.ఎస్సీ. రెండేండ్ల చదువు. ప్రయోగశాలలో చేతులతో నేర్వవలసిన విద్య ఇంటిపట్టున పుస్తకము చదివినంత మాత్రమున రాదు.

ఆడపిల్ల లెక్కలో తల్లి మాత్రమే తలచగల ఖర్చులు కొన్ని కలవు. నెలనెలా బహిష్టు దినములకు కావలసినవి, ప్రొద్దుపోయిన పిమ్మట గ్రంథాలయమునుండి వచ్చునప్పుడు ఆటోకు కావలసినవి ఆమె నోరు తెరచి అడుగదు. తండ్రి వేయు లెక్కలో అవి కనబడవు. మీరే వ్రాయుడు. మిగులు వచ్చు చోటును తెలిసికొనుడు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండియు ఆర్టీసీవారి కొన్ని తరగతుల బస్సులలో ఆ రాష్ట్రపు స్త్రీలకు ఉచిత ప్రయాణ మేర్పడినది. గుర్తింపు కార్డు ఏ రాష్ట్రపు చిరునామాతో నున్నదో చూచుకొనవలెను.

పైకము పంపు పద్ధతి కూడ ముఖ్యము. పూర్వము మనియార్డరు నెల కొకమారు వచ్చెడిది. దానితోనే నెల గడుపవలెనని విద్యార్థి యెరుగును. ఇప్పుడు ఫోనులో నిమిషములో సొమ్ము చేరుచున్నది గనుక, ఐదువందలు, మూడువందలు అని ఎప్పటికప్పుడు పంపుచున్నాము. ఇందువలన ఇంట ఎంత పోయినదో తెలియదు, బిడ్డకు పొదుపు రాదు. అంతకంటె కష్టము, ప్రతి చిన్న పనికిని బిడ్డ చేయి చాచవలసివచ్చును. అభిమానము గల బిడ్డ అడుగుట మాని పస్తుండును. నెల మొదటివారములో ఒక దినము నిర్ణయించి, మొత్తము ఒకేసారి పంపుడు. జ్వరమునకు, హఠాత్తు ప్రయాణమునకు కొద్ది సొమ్ము బిడ్డ ఖాతాలో వేరుగా నుంచి, "దీనికి మమ్మడుగ నక్కరలేదు, వాడినప్పుడు చెప్పిన చాలును" అనుడు. పంపిన సొమ్ములో ప్రతి రూపాయకు సంజాయిషీ అడుగకుడు. నెలాఖరున ఇద్దరును పుస్తకము తెరచి మాటలాడుకొన్న చాలును. కొందరు బిడ్డలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కొంత సంపాదింతురు. అది మెచ్చదగినదే గాని, తరగతులను, నిద్రను హరించునంత కారాదు.

మన తల్లులలో ఒక గొప్ప గుణమున్నది, దానియందే ఒక దోషమును కలదు. తాము పడు కష్టమును బిడ్డకు తెలియనీయరు. "నీకెందుకు, నీవు చదువుకొనుము" అందురు. బిడ్డయు అట్లే, ఉదయపు టిఫిను మాని, "బాగుగా తినుచున్నానమ్మా" అనును. ఇద్దరును ఒకరి నొకరు కాపాడుచున్నామనుకొని, ఇద్దరును చిక్కిపోవుదురు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యమున, తండ్రి పోయిన పిమ్మట, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించి చదివించిరి. ఆ కాలమున ఆ వృత్తిని లోకము చులకనగా చూచెడిది. ఆమె దానిని బిడ్డలకు దాచలేదు, దాచుటకు వీలును లేదు. అన్నము ఏ పొయ్యిమీద ఉడుకుచున్నదో చూచుచు పెరిగిన ఆ బాలుడు బారిష్టరయ్యెను, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. తన "నా జీవితయాత్ర"లో తల్లి పడిన ఆ శ్రమను లోకమునకు చెప్పుకొనెను. ఇంటి కష్టము తెలిసినంత మాత్రమున బిడ్డ చదువు చెడదు. ఆ కష్టమును ఎత్తిపొడుపుగా చెప్పినప్పుడే చెడును. "నీకోసము ఇంత చేసితిమి" అనుట వేరు, "మనకింత యున్నది, ఇట్లు నడుపుకొందము" అనుట వేరు.

కావున బిడ్డ పెట్టె సర్దుటకు ముందొక సాయంకాలము తల్లి, తండ్రి, బిడ్డ కలసి కూర్చుండి, ఒక నోటుపుస్తకములో మూడు సంగతులు వ్రాసికొనుడు. సంవత్సరమున కెంత కావలెను, ఆ సొమ్ము ఎక్కడనుండి వచ్చును, ఏ దినమున పంపుదురు. చదివించు బిడ్డ లిద్దరున్నచో ఇద్దరి లెక్కయు ఒక్క పుటమీదనే వ్రాయుడు. వేరువేరు పుటలలో దాగు పక్షపాతము ఒక్క పుటమీద దాగదు. ఆ పుటకు ఒక ప్రతి తీసి బిడ్డ పెట్టెలో పెట్టుడు. ఊరగాయ జాడీతోబాటు అదియు వెళ్ళవలెను.